పటం వెనక ఉన్నాయన

"మీసమా?" అంది కోడలు. చేతిలోని బంక గిన్నె ఎక్కడ దించాలో ఆమెకి తోచలేదు.

"మీసమేనమ్మా." బంట్రోతు గుమ్మంలోనే నిలబడి గొడుగు ముడుస్తున్నాడు. నీళ్లు ధారగట్టి పనిగదిలోకి పారుతున్నాయి. "మొన్న మా ఆఫీసు పటం మీద సన్నగా మసి పట్టినట్టు కనిపించింది. కమిషనరుగారు దుమ్మనుకుని తుడవమన్నారు. తుడిచాను. గాజు మీదుంటే కదా పోవడానికి! ఇవాళ పొద్దున్న గది తెరిచి చూద్దును కదా, నిండుగా, గుబురుగా, కొసలు పైకి మెలితిరిగి... గద్దెనెక్కిన కొత్తాయన నున్నగా గీసుకున్న మూతి మీద! నేను చెప్పకూడదు గానీ, ఆ మీసం ఎవరిదో ఈ ఊళ్లో పాలు తాగే పిల్లనడిగినా చెబుతుంది."

ఇంకో రోజైతే ఆ ఇంట్లో ఈ మాటకి పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

"పటం కట్టినాయన్ని పనిముట్లతో సహా రమ్మన్నారు. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు. తన కళ్లముందే విప్పాలట. ఎవరికీ చెప్పొద్దన్నారు. నేనెవరికి చెబుతాను, మీకు తప్ప?" వెళ్లబోతూ ఆగి గొంతు తగ్గించాడు. "అన్నట్టు, మీసం సంగతి నేను ముందే చెప్పినట్టు..."

"ఎవరూ రాలేదు, ఎవరూ చెప్పలేదు. మెట్టు జారుతుంది, చూసుకుని దిగు నాయనా," అంది లోపలి గుమ్మంలోంచి అత్తగారు.

గొడుగు వీధి మలుపు తిరిగేదాకా ఇంట్లో ముగ్గురూ కదల్లేదు.

ఊరంతా పటాలాయన అని పిలిచే కోడలి మొగుడు బల్ల ముందు గాజు కోస్తున్నవాడు కోస్తున్నట్టే బిగుసుకుపోయాడు. కోత కలం గాజు మీద ఆగిపోయి ఉంది. తల ఎత్తడు. ఆ వంచిన మెడ చూసి ఆమె బంక గిన్నె నేల మీద దించింది. ఏ తప్పూ లేకపోతే ఆ మెడ అలా వంగదు.

"ఏమండీ. దాని వెనక ఏం పెట్టారు?"

"అట్టలు దొరకలేదు."

"నేనడిగింది అది కాదు."

"కొత్తాయనొచ్చిన ఆ వారం కొట్లన్నీ మూసేశారు కదా. అట్టల తాత కొట్టూ మూసే ఉంది. సాయంత్రానికల్లా ఆఫీసులన్నిటికీ పటాలు కావాలని కొత్తాయన మనుషులు తుపాకులు పట్టుకొచ్చి ఇదిగో, ఈ బల్ల మీద కూర్చున్నారు. విప్పిన బొమ్మలు కుప్పగా పడున్నాయి. మందంగా, మంచి కాగితం..."

"పాతాయన్ని పెట్టారా?"

ఆయన తల ఇంకాస్త వంగింది.

తిట్టడానికి ఆమెకి నోరు రాలేదు. అది ఆయన కనిపెట్టిన పద్ధతి కాదు. మామగారి కాలం నుంచీ ఆ కొట్లో ఏదీ పారేయరు. అట్టలు కరువైనప్పుడు పటంలోంచి దిగినవాడు ఎక్కినవాడికి వెనక అట్ట అవుతాడు. అచ్చువైపు లోపలికి, తెల్లవైపు బయటికి. అప్పుడు వెనక శుభ్రంగా కనిపిస్తుందని మామగారు నేర్పిన పాఠం. అధికారంలో ఉన్నవాళ్లంతా ఒకే ముక్కాలిపీట మీద కూర్చుని బొమ్మ దిగినట్టు తలలు కూడా ఒకే కొలతలో ఉండేవి. ముక్కుకి ముక్కు, మూతికి మూతి సరిగ్గా అతికేవి. ఇన్నాళ్లూ ఏ గొడవా రాలేదు. ఈసారి కొత్తాయన బొమ్మని హడావిడిలో పల్చటి కాగితం మీద అచ్చేశారు. కమిషనరు గది గోడకి వాన చెమ్మ ఎక్కింది. ఆ చెమ్మకి వెనకాయన సిరా ముందాయన ముఖంలోకి పాకింది. ముఖం మొత్తంలో నల్లనిది మీసమే కనక అది ముందొచ్చింది. ఇలాగే వదిలేస్తే రేపో ఎల్లుండో కళ్లు కూడా వస్తాయి.

ఎదురుగా ఫోటోలాయన కొట్టు షట్టరు సగం దించి ఉంది. కింది సందులోంచి వాన జల్లు లోపలికి కొడుతోంది. పాతాయనతో చెయ్యి కలిపి దిగిన ఫోటోని అద్దాల అరలోంచి తీయడం మరిచిపోయాడని ఆయన్ని పట్టుకెళ్లారు. ఎటు తీసుకెళ్లారో ఇప్పటిదాకా తెలియదు. ఆ షట్టరు పూర్తిగా దించడానికి ఆయన భార్యకి ధైర్యం చాలడం లేదు.

కేవలం మరిచిపోయినందుకు అంత జరిగింది. మరి కావాలని వెనక దాచిపెట్టారని అంటే?

"వదినా! కంగారు పడకు. నేను మాట్లాడి వచ్చేశాను!"

మరిది తడిసిన బూట్లతోనే లోపలికి వచ్చాడు. ఇంట్లో అతనికి మంత్రి అని పేరు. తల్లి పెట్టిన పేరే. ఏ జెండా ఎగిరితే దాని కింద మొదటి వరసలో కనిపిస్తాడని.

"నీకెవరు చెప్పారు?" అంది ఆమె.

"బంట్రోతు. ఇక్కడికి రాకముందే, ఎవరికీ చెప్పొద్దని చెప్పి మరీ చెప్పాడు. తిన్నగా పార్టీ కార్యదర్శిగారింటికి వెళ్లాను. ఆయన గడ్డం గీసుకుంటున్నారు. అయినా నన్ను లోపలికి రమ్మన్నారు. అంతా విన్నారు. భుజం మీద చెయ్యి వేశారన్నయ్యా!"

"ఏ భుజం?" అంది అత్తగారు. "పాతాయన మనుషులు చెయ్యేసిందేనా, రెండోదా?"

"అమ్మా, ఇప్పుడు వేళాకోళాలేమిటి? అన్నయ్య ప్రాణం మీదికొచ్చింది."

"నాకు తెలుసురా. నేను కన్నవాడే."

మరిది వదినవైపు తిరిగాడు. ఈ ఇంట్లో పని జరగాలంటే ఎవరితో మాట్లాడాలో అతనికి బాగా తెలుసు. "ఒక్క పేరు, వదినా. అంతే. వెనక అట్ట ఎక్కడిదని కమిషనరు అడుగుతాడు. అట్టల తాత ఇచ్చాడు, అతికించిన మడత లోపల ఏముందో మేం చూడలేదు, అనాలి. మిగతాది కార్యదర్శిగారు చూసుకుంటారు. కమిషనరుకి ఫోన్ కూడా చేసేశారు, పటాలవాళ్లు వచ్చి ఒక పేరు చెబుతారని."

"ఆ వారం తాత కొట్టు మూసి ఉంది," అన్నాడు పటాలాయన గాజుతో చెబుతున్నట్టు.

"అది నీకూ నాకూ తెలుసు. వాళ్లకి అక్కర్లేదు. మూలమీది ఆ కొట్టు పార్టీ ఆఫీసుకి ఇమ్మంటే తాత ఇవ్వనన్నాడు. వాళ్లకి ఆ కోపం ఎలాగూ ఉంది. ఇవాళ కాకపోతే రేపు ఇంకో వంక దొరుకుతుంది. ఆ వంకేదో మనకి పనికొస్తే తప్పేంటి? నువ్వు అక్కడ మాట్లాడకన్నయ్యా. ఎలాగూ నీ నోరు పెగలదు. చెప్పాల్సింది వదిన."

అదీ నిజమే. భయమేస్తే పటాలాయన నాలుక పిడచకట్టుకుపోతుంది. కొట్టుకొచ్చి గద్దించేవాళ్లకి సమాధానాలు చెప్పుకునేది ఎప్పుడూ ఆమే. అందుకే ఇప్పుడు ముగ్గురి చూపులూ ఆమె మీదే ఉన్నాయి.

"చెబుతాను," అంది.

"ఏం చెబుతావు?" అంది అత్తగారు.

"తాత పేరు చెబుతాను. మీ కొడుకు కావాలా, తాత కావాలా అత్తయ్యా మీకు?"

"అలా అడక్కమ్మా."

"వాళ్లు అలాగే అడుగుతున్నారు. ఇవాళ నాకు పట్టుకోవడానికి దొరికినవి కార్యదర్శి కాళ్లే. దొరికినవి వదిలేసి మీలా మూల కూర్చుని కళ్లు మూసుకోనా? దేవుడొచ్చి ఆ పటానికి మేకులు పీకుతాడా? మీసం తుడుస్తాడా?"

నోరు జారాక ఆమెకే భయమేసింది. అత్తగారు మాత్రం కోపం తెచ్చుకోలేదు. వచ్చి బల్ల చివర కూర్చుంది. ముసలి చేతులు వణుకుతుంటే ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కుకుంది.

"మీ చిన్నమామగార్ని పట్టుకెళ్లినప్పుడు ఇంతకన్నా పెద్ద కాళ్లే దొరికాయి మాకు," అంది. "అప్పటి పెద్దాయన పటం మీ మామగారే కట్టారు. చెయ్యి కలిపి, ఏ కష్టమొచ్చినా నా గుమ్మానికి రా అన్నాడాయన. వెళ్లాం. నీ మొగుడు జ్వరంతో నా చంకలో ఉన్నాడు. పొద్దుటినుంచి దీపాలు పెట్టే వేళదాకా గేటు దగ్గర కూర్చున్నాం. తలుపు తీయలేదు. ఎందుకు తీయలేదో తర్వాత తెలిసింది. మేం వెళ్లకముందే ఆయన దొడ్డిదారిన పారిపోయాడు. రోజంతా మేం ఖాళీ ఇంటికి దణ్ణాలు పెట్టాం."

"చిన్నమామగారు తిరిగొచ్చారా?"

"రాలేదు."

"మరి దేవుడేం చేశాడు?"

"ఆయన్ని నేను అడిగితే కదా! ఆ గేటు చూస్తూ కూర్చున్నంతసేపూ ఆయన గుర్తే రాలేదు." పెద్దావిడ కోడలి వైపు తిరిగింది. "నీ మొగుణ్ణి కాపాడతాడని నేను మాటివ్వలేను. నేనెవర్ని ఇవ్వడానికి? నాకూ భయంగానే ఉంది. ఒక్కటి మాత్రం చూశాను. వీళ్లు కాపాడతామన్నప్పుడల్లా ముందు ఇంకొకడి తల అడుగుతారు. దేవుడు నన్నెప్పుడూ అది అడగలేదు. అందుకే ఆయన్ని పట్టుకుని వేలాడుతున్నాను."

"మాటలు బాగున్నాయమ్మా," అన్నాడు మరిది. "గడియారం ఆగదు."

ఎవరో దగ్గుతూ గుమ్మం ముందు చెప్పులు విడిచారు.

అట్టల తాత. తల మీద గోనె సంచి, చంకలో తనకన్నా వెడల్పైన కట్ట. వాన తగలకుండా దాన్ని తన కోటులో చుట్టుకొచ్చాడు. కోటు లేక చొక్కా ఒంటికి అంటుకుపోయి పక్కటెముకలు కనిపిస్తున్నాయి.

"తడిసిపోయానని చూడకమ్మాయ్, అట్టలు మాత్రం పొడిగా ఉన్నాయి. ముట్టుకో, చూడు." కట్ట బల్ల మీద దించి ఆయాసం తీర్చుకున్నాడు. "ఆ వారం కొట్టు మూసుకుని ఇంట్లో దాక్కున్నాను. ఈ పిల్లాడు అట్టలకి ఎంత ఇబ్బంది పడ్డాడో అని రోజూ అనుకుంటూనే ఉన్నాను. ఏంట్రా, పలకవేం? అలిగావా నా మీద?"

పటాలాయన పెదవులు కదిలాయి.

"ఒంట్లో బాగాలేదా వీడికి?" తాత అందరి ముఖాలూ చూశాడు. "ఏమైంది? మంత్రిగారు కూడా నోరు మూసుకున్నారంటే ఏదో పెద్దదే అయ్యుంటుంది."

మరిది కిటికీవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఏం లేదు తాతయ్యా," అంది కోడలు. "వానకి కాస్త..." ఏం చెబుతోందో ఆమెకే తెలియలేదు. ఆ తడి కోటు తీసి, పిండి, ముసలాయన చేతికిచ్చింది. ఆయన వేళ్లు మంచులా ఉన్నాయి.

"టీ తాగి వెళ్లండి," అంది అత్తగారు.

"వద్దమ్మా, కొట్టు తెరిచే వచ్చాను. మళ్లీ ఎవడైనా ఆఫీసు పెట్టేస్తాడు." తనే నవ్వుకుంటూ గోనె సంచి తల మీద వేసుకుని వానలో దిగాడు తాత.

మరిది ఇటు తిరిగి అన్నాడు, "అలా చూడకు వదినా. ఆయన చూడవలసిందంతా చూసేసిన మనిషి."

అదే మాట తనూ లోలోపల అనుకుంటోందని ఆమెకి అప్పుడే తెలిసింది. మరిది నోట బయటికొచ్చేసరికి ఒళ్లు జలదరించింది.

*

కమిషనరు కార్యాలయానికి మొగుడూ పెళ్లాం ఒకే గొడుగులో వెళ్లారు. పనిముట్ల సంచి ఆయన భుజానికుంది. దారంతా ఆయన ఒక్క మాటే అన్నాడు. "నీకేది తోస్తే అది చెప్పు. నిన్ను నేనేమీ అనుకోను."

అంతకన్నా తిట్టినా బాగుండేది.

మెట్ల దగ్గర ఆమె గొడుగు ముడిచింది. దేవుడా, అనుకుంది. తర్వాత ఏమడగాలో తెలియలేదు. నా మొగుణ్ణి కాపాడు అందామంటే, దాని పక్కనే తాత పేరు నాలుక మీద కూర్చుని ఉంది. ఆ రెండూ ఒకే నోట్లో పెట్టుకుని ఆయన్ని పిలవడానికి సిగ్గేసింది.

గదిలో ఫైళ్ల వాసన, చెమ్మ వాసన. కమిషనరు చిన్న మనిషి, కుర్చీ పెద్దది. తల పైన గోడ మీద కొత్తాయన, మూతి మీద పాతాయన మీసంతో, గది మొత్తాన్నీ చూస్తున్నాడు. చూడకూడదనుకుంటూనే ఆమె చూసింది. బంట్రోతు చెప్పినదానికన్నా నల్లగా ఉంది.

"దింపండి."

పటాలాయన బల్ల మీద గుడ్డ పరిచి పటాన్ని బోర్లించాడు. నోరు పడిపోయినా చేతులు పని మరిచిపోలేదు. అంచు కాగితం కోశాడు. పట్టకారుతో మేకులు ఒక్కొక్కటీ లాగి చిన్న డబ్బాలో వేశాడు. డబ్బాలో మేకు పడ్డప్పుడల్లా కమిషనరు కనురెప్పలు కొట్టుకున్నాయి. వెనక కాగితం ఉబ్బి అతుక్కుపోయి ఉంది. దాన్ని నెమ్మదిగా ఎత్తి తిప్పాడు.

పాతాయన సగం ముఖం పోగొట్టుకుని కూడా ఠీవిగానే ఉన్నాడు. మీసం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఉంది.

తలుపు దగ్గర బంట్రోతు అదే మొదటిసారి చూస్తున్నట్టు నోరు తెరిచాడు.

"ఇది ఎక్కడిది?" అన్నాడు కమిషనరు. "ఎవరో ఇచ్చారని విన్నాను. పేరు చెప్పండి."

ఆమె ముందుకు జరిగింది. చెమటకి రవికె వీపుకి అంటుకుపోయింది. పేరు సిద్ధంగా ఉంది. నాలుక కాస్త కదిలిస్తే చాలు. మొగుడు ఇంటికొచ్చేస్తాడు, మధ్యాహ్నానికి బల్ల ముందు గాజు కోసుకుంటూ ఉంటాడు. అత్తగారు వద్దన్న మాట కన్నా, కార్యదర్శి ఇచ్చిన పూచీ కన్నా, ఆ గాజు కోసే చప్పుడు ఆమెకి గట్టిగా వినిపించింది.

దేవుడా, నాకు చేతకావడం లేదు, అనుకుంది. అదొక్కటే నిజంగా అడగగలిగింది.

"మేమేనండి," అంది. తన గొంతేనా అని భయపడింది. "మా కొట్లోదే. ఎవరూ ఇవ్వలేదు. దిగిన బొమ్మని కొత్తదాని వెనక పెట్టడం మా మామగారి నాటి అలవాటు. అట్టలు దొరక్క పెట్టాం. ఇంకే ఉద్దేశమూ లేదు."

"కార్యదర్శిగారు వేరేలా చెప్పారు."

"ఆయన ఆ వేళ మా కొట్లో లేరండి."

బంట్రోతు ఊపిరి పీల్చిన చప్పుడు గదంతా వినిపించింది. మొగుడి చెయ్యి తన చేతికి తగిలింది. చల్లగా ఉంది. అయిపోయింది, అనుకుంది ఆమె. నేనే చేశాను. నా నోటితో నేనే ఈయన్ని పంపించేశాను.

కమిషనరు కేకలు వేయలేదు. బంట్రోతుని బయటికి పొమ్మన్నాడు. లేచి వెళ్లి తలుపు తనే గడియ పెట్టాడు. ఆ గడియ పడిన చప్పుడుకి ఆమె కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆయన కుర్చీలోకి వెళ్లలేదు. వాళ్ల పక్కనే, బల్లకి ఇవతల నిలబడి, పాతాయన ముఖంలోకి చూస్తున్నాడు.

"అలవాటు అన్నావు."

"అవునండి."

"అంటే అన్నిటికీనా?"

ఆమెకి అర్థం కాలేదు. ఆయన పటాలాయన వైపు తిరిగాడు. "ఏమయ్యా, అదే వారం మా ఇంటికి కూడా ఒకటి కట్టించాను. గుర్తుందా? హాల్లోకి. పెద్దది. దాని వెనక ఏముంది?"

పటాలాయన రెండుసార్లు పెదవులు కదిపాడు. పొద్దుటినుంచీ పరాయివాళ్ల ముందు పెగలని గొంతు, ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో గానీ, పెగిలింది.

"గుర్తు లేదండి. ఆ రోజు చేతికి ఏది దొరికితే అది పెట్టాను."

కమిషనరు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆ చెయ్యి పొద్దున అత్తగారి చెయ్యి వణికినట్టే వణుకుతోంది. ఊళ్లో వాళ్లంతా ఏ సంతకానికి భయపడి చస్తున్నారో ఆ సంతకం పెట్టే చెయ్యి అది.

"ఇవాళ సాయంత్రం కొత్తాయన మా ఇంటికొస్తున్నారు," అన్నాడు గుసగుసగా. "హాల్లోనే కూర్చోబెట్టాలి. ఆ గోడకీ చెమ్మ ఉంది. ఈలోగా దాన్ని విప్పి చూడాలి."

ఆ గదిలో పట్టుకోవడానికి ఇక ఎవరి కాళ్లూ లేవని ఆమెకి అర్థమైంది. అర్థమయ్యాక భయం తగ్గలేదు సరికదా, ఇంకా లోతుకి దిగింది. అయినా ఆ లోతులో కాలికి నేల తగిలినట్టు అనిపించింది. దేవుడా, అంది మనసులో. ఈసారి నాలుక మీద ఇంకే పేరూ లేదు.

బయట బూట్ల చప్పుడు. తలుపు మీద ఎవరో వేళ్లతో చనువుగా కొట్టారు.

"కమిషనరుగారూ, గడియెందుకు పెట్టారు?" కార్యదర్శి గొంతు నవ్వుతోంది. "తాతని జీపులో ఎక్కించి తెచ్చాను. మనవాళ్లు పేరు చెప్పేశారా?"

గడియ మీద చెయ్యి వేసి, తీయకుండా, ఏం చెప్పమంటావన్నట్టు కమిషనరు ఆమె ముఖంలోకి చూశాడు.